నీళ్ళకు ముందు

అది వాడి ఏడుపే. ముంగిలికి అవతల ఖైదీల్ని పెట్టే రాతి కొట్టులోంచి వచ్చింది, ఒక్కసారి లేచి ఆగిపోయింది, అయినా నాకు చాలు. వాడి ఏడుపు మొదట్లో చిన్నగా తట్టుకుంటుంది, మెట్టెక్కబోయి కాలు తప్పినట్టు, ఆ తర్వాతే గొంతు సాగుతుంది. పుట్టిన క్షణంలో ఎలా ఏడ్చాడో నాలుగు నెలలయినా అలాగే ఏడుస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా వేవనీ ఏటి ఒడ్డు ఊళ్ళకి నేనే మంత్రసానిని, ఎన్ని ఏడుపులు విన్నానో లెక్క లేదు, కానీ దేనికదే వేరు. మొహాలు మర్చిపోతాను. మొన్న సంతలో గడ్డమున్నవాడొకడు ఎదురొచ్చి "నన్ను నేలమీదికి దించింది నువ్వేనటగా అవీస్ పిన్నీ" అంటే తెల్లమొహం వేశాను, పక్కకి తిరిగి వాడు దగ్గాక గుర్తుపట్టాను. కాబట్టి వాడి తల్లి తామసీన్ ఆ కొట్టులోనే ఉంది, పాలిస్తోంది, పిల్లవాణ్ణి ఆమె నుంచి తీసేయలేదు. నా పక్కన ఎమట్ నడుం మీద చెయ్యి వేసుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు ఒరుగుతోంది. నా కూతురికి ఏడో నెల. వద్దన్నా వినకుండా మా ఊరినుంచి నారిచ్ పట్నం దాకా ధాన్యం బండి మీద నాతో వచ్చింది. ఈ రాతి అరుగు చల్లగా ఉంది, గోడ చల్లగా ఉంది, ఎదురుగా బిషప్‌గారి మేడలోని చిన్న ప్రార్థనాలయం తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఎవరినో అడుగుతున్నారు, ఎవరో చెబుతున్నారు, మధ్యమధ్య ఈక కలం గీసుకునే చప్పుడు. ఆ మనిషి అయిపోతే నా వంతు.

నన్ను అడగబోయేది ఒక్కటే. తామసీన్ కొడుక్కి జ్ఞానస్నానం అయిందా లేదా. పిల్లవాడు నీలంగా పుట్టాడు గనక మంత్రసానే పురిట్లో పోసేసిందని మొగుడు చెప్పాడు. ఎవరూ పోయలేదు, పోయక్కర్లేదు కూడా అని పెళ్ళాం చెప్పింది. ఒకే మంచం మీద పడుకునే ఇద్దరూ రెండు మాటలు చెబితే ఇక మిగిలింది నేను. వచ్చేముందు మా రానల్ఫ్ పాదిరిగారు బండి దాకా వచ్చారు, చలికి ముక్కు ఎర్రబడి ఉంది, పాపం ఆయన చెడ్డవాడు కాదు, ఊళ్ళోంచి ఎవరినైనా పట్టుకుపోతే ఆయనకి అన్నం సయించదు. "నీళ్ళు పడ్డాయి కదా అవీస్?" అన్నారు. స్నానం చేయించాను అయ్యగారూ, అన్నాను. "పడ్డాయి. ఆ మాటలు మనసులోనైనా అనుకునే ఉంటావు. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? అదే చెప్పు, ఇంటికొచ్చెయ్యి." ఆయన కళ్ళు నా కళ్ళలోకి చూడకుండా బండి చక్రం వైపు చూస్తున్నాయి. ఒక్క మాట. అవును అంటే చాలు. తామసీన్ మీద ఉన్న నేరాల్లో పెద్దది రాలిపోతుంది, నా వృత్తి నాకుంటుంది, ఎమట్ పురుటికి నేనుంటాను. ఇంత మంది మంచి నా నాలుక చివర పెట్టి ఆయన వెళ్ళిపోయారు.

ఆ మాటలు నాకు నేర్పింది ఆయన ముందున్న పాదిరి. నా పెళ్ళయిన ఏడాది, మా అత్తగారి వెనకాల మూట మోస్తూ పురుళ్ళకి తిరిగే రోజుల్లో, ఆదివారం ఆడవాళ్ళందరినీ చర్చి వాకిట్లో నిలబెట్టి చెప్పారు. బిడ్డ బతకడని తోస్తే, పాదిరి వచ్చేదాకా ఆగే వీల్లేకపోతే, నీళ్ళు పొయ్యండి, ఇలా అనండి. "తండ్రి, కుమార, పవిత్రాత్మల పేరిట నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను." మా మాటలోనే. చర్చిలో జరిగేదంతా లాటిన్. పాట లాటిన్, పాపం కడిగేది లాటిన్, మనిషిని మట్టిలో పెట్టేది లాటిన్. అందులో ఒక్క ముక్క మాకు అర్థం కాకపోయినా అది మాకోసం పైన ఎక్కడో పని చేస్తూనే ఉంటుందని మా నమ్మకం, ఎక్కడో గిరగిరా తిరిగే తిరగలిలాగ, పిండి మాత్రం ఇంటికొస్తుంది. కానీ ఈ ఒక్కటి మా మాటలో. వెన్న చిలికేటప్పుడు, గొర్రెని అదిలించేటప్పుడు, మొగుణ్ణి తిట్టేటప్పుడు వాడే నోటితోనే. నేను ఇంటికెళ్ళి దొడ్లో నిలబడి మెల్లిగా అని చూసుకున్నాను, బాతులు తప్ప ఎవరూ లేరు, అయినా ఒళ్ళు జలదరించింది. ఈ నోటితో అంటే పరలోకం తలుపు తీస్తుందట. అంత పెద్ద తలుపు, ఇంత చిన్న నోరు. మా అత్తగారు మాత్రం ఆ మాటలు ఎప్పుడూ తికమక చేసేది, ఒకసారి కంగారులో పవిత్రాత్మ బదులు, పురుళ్ళు కాచే పునీత మార్గరెట్ పేరు పెట్టేసింది. పాదిరిగారికి తెలిసి, పోయిన ఆ బిడ్డని చర్చి ఆవరణలో కాకుండా గోడ అవతల పాతిపెట్టించారు, ఆ తల్లి ఏడాదిపాటు మా గుమ్మం ముందునుంచి నడవలేదు. అప్పటినుంచి నేను ఆ మాటలు ఒక్కొక్కటీ విడివిడిగా, తప్పు లేకుండా, నెమ్మదిగా అనడం అలవాటు చేసుకున్నాను. నెమ్మదిగా.

లోపల ఎవరో గట్టిగా దగ్గారు. కలం ఆగింది, మళ్ళీ గీసుకుంది. ఎమట్ తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది, మెడ దగ్గర నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆ నరం మీదే వేలు పెట్టి చూసేదాన్ని. తామసీన్‌ది కూడా అంతే సన్నటి మెడ. చేతి తొడుగులు కుట్టే గిల్బర్ట్‌ని కట్టుకుని మా ఊరొచ్చింది. ఏడేళ్ళపాటు కడుపు పండలేదు. పండకపోవడానికి ఊళ్ళో కారణాలకి కరువు లేదు. వాళ్ళు లొల్లార్డులు, గొణుగుడుగాళ్ళు, తలుపులేసుకుని దొంగచాటుగా మా ఇంగ్లీషు మాటలోనే సువార్త చదువుకునేవాళ్ళు, పూజలో పాదిరి ఎత్తేది దేవుడి ఒళ్ళు కాదు, ఉత్త రొట్టే అనేవాళ్ళు, బొమ్మల ముందు కొవ్వొత్తి వెలిగించనివాళ్ళు. నేనూ నవ్వాను, నిజం చెప్పొద్దూ. నీళ్ళబావి దగ్గర ఎవరో తామసీన్ నడకని వెక్కిరిస్తే అందరితోపాటు నేనూ నవ్వాను. తీరా నొప్పులు మొదలయ్యాక గిల్బర్ట్ పరిగెత్తుకొచ్చింది నా దగ్గరికే. పొగమంచు విడని పొద్దున, చలికాలం మొదట్లో. చర్చినుంచి అరువు తెచ్చుకునే పునీత మార్గరెట్ పట్టీ తీసుకెళ్ళాను, పొడుగాటి తోలు పట్టీ, దాని మీద ప్రార్థనలు రాసి ఉంటాయి, పురిటి కడుపు మీద చుడితే కాన్పు తేలికవుతుందంటారు, నా చేతుల మీద వందమందికి చుట్టి ఉంటాను. తామసీన్ దాన్ని చూసి, నొప్పి మధ్యలోనే, కాస్త నవ్వింది. "అది గొర్రె తోలు పిన్నీ. మా ఆయన దాంతో తొడుగులు కుడతాడు." నాకు ఒళ్ళు మండింది. అయితే దేన్ని పట్టుకుని ఈదుతావే, అన్నాను.

అప్పుడు చెప్పింది. పుస్తకం లేదు, చేతిలో ఏమీ లేదు, ఆమెకి చదువు రాదు, ఎవరో చదువుతుంటే విని గుండెలో పెట్టుకుంది. ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య, ఊపిరి తీసుకునే ఆ కాస్త సందులో చెప్పింది. మరియమ్మ కడుపుతో ఉండి కొండదారిన గబగబా నడిచి, తనలాగే కడుపుతో ఉన్న చుట్టం ఎలిజబెతమ్మ ఇంటికి వెళ్ళింది. గడప దాటి పలకరించింది. ఆ పలకరింపు చెవినపడగానే ఎలిజబెతమ్మ కడుపులో బిడ్డ గంతేసింది. తామసీన్ అక్కడ ఆగింది, నొప్పి వచ్చింది, పళ్ళు బిగించింది, నా చెయ్యి ఆమె కడుపు మీదే ఉంది. నేను కదల్లేకపోయాను. ఇది ఆ పుస్తకంలో ఉందా, అని అడిగాను. ఉంది, అంది. బిడ్డ గంతేసిందని రాసి ఉందా. ఉంది పిన్నీ. ముప్పై ఏళ్ళుగా ఈ అరచేతి కింద నేను ఎన్ని గంతులు చూశాను. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడే బిడ్డలు, తల్లి నవ్వితే దొర్లే బిడ్డలు, తండ్రి గొంతు వింటే మోకాలితో తన్నే బిడ్డలు. అదంతా ఆడవాళ్ళ గొడవ, పురిటి గది దాటని ముచ్చట, చర్చి మెట్ల మీద పలకడానికి కూడా సిగ్గుపడే సంగతి అనుకున్నాను. అలాంటిది అన్నిటికంటే పవిత్రమైన ఆ పుస్తకంలో, ఇంతకాలం నా తల మీదుగా లాటిన్‌లో పాడుతూ పోయిన ఆ పుస్తకంలో, ఇద్దరు కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఒక గడప దగ్గర నిలబడి ఉన్నారు, వాళ్ళలో ఒకామె కడుపు నా చెయ్యి ఎరిగినట్టే కదిలింది. ఎంత దగ్గరగా ఉన్నారు వాళ్ళు. పిలిస్తే పలికేంత దగ్గర. నేను రోజూ చర్చిలో వాళ్ళ పక్కనే నిలబడి, వాళ్ళ భాష తెలియక, పలకరించకుండా వచ్చేస్తున్నానన్నమాట. మళ్ళీ చెప్పవే, అన్నాను. మంత్రసాని తల్లిని అడిగే మాటా అది. తామసీన్ మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పింది. ఆ పూట ఎవరు ఎవరికి ఊరట ఇచ్చారో నాకిప్పటికీ తెలీదు.

మధ్యాహ్నానికి తల కనబడింది. బయటికొచ్చాక చూస్తే మెడకి బొడ్డుతాడు రెండు చుట్లు. విప్పాను. నీలంగా ఉన్నాడు, చేతులు వేలాడుతున్నాయి, తడిసిన గుడ్డలాగ. ఇంకేం ఆలోచించకుండా నా కుడిచెయ్యి నీళ్ళ గిన్నె వైపు పోయింది, అది దాని పని, దానికి నేను చెప్పక్కర్లేదు. అప్పుడు తామసీన్ నా మణికట్టు పట్టుకుంది. అంత రక్తం పోయాక అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. "దేవుడికి వాణ్ణి నువ్వు పరిచయం చెయ్యక్కర్లేదు పిన్నీ" అంది. "ఆయనకి తెలుసు. నువ్వు నాకోసం వాణ్ణి చూడు." ఒక్క క్షణం. గిన్నె అటు, పిల్లవాడు ఇటు. నేను ఎప్పుడూ నిలబడని చోట నిలబడ్డాను. తర్వాత వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, నోట్లో వేలు పెట్టి జిగురు తీసేసి, నా నోటితో వాడి నోరూ ముక్కూ మూసి ఊదాను. చిన్నగా, బుగ్గల్లో ఉన్నంత మాత్రమే, గుడ్డి దీపాన్ని ఆర్పకుండా ఊదినట్టు. ఏమీ లేదు. మళ్ళీ. ఏమీ లేదు. వీపు రుద్ది మళ్ళీ. నా ఊపిరి లోపలికి పోవడం వాడి ఛాతీ మీద వేలికి తెలుస్తోంది, లేస్తోంది, పడుతోంది, కానీ అది నాదే, వాడిది కాదు. అయిదోదో ఆరోదో, నేను ఊదకముందే ఛాతీ లేచింది. నేను ఊదలేదు. నాది కాదు అది. నా చేతుల్లో ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు, ఎక్కణ్ణుంచో తెలీదు, ఏ దారిన వచ్చాడో తెలీదు, అంతదాకా లేడు, ఇప్పుడున్నాడు. వందలసార్లు చూసిన సంగతే. ఎప్పుడూ చూడనట్టే ఉంది. ఆ తర్వాత ఆ ఏడుపు, కాలు తప్పినట్టు తట్టుకుని సాగిన ఏడుపు. గిన్నెలో నీళ్ళు అలాగే ఉన్నాయి, కదలకుండా. వాటితోనే వాడికి ఒళ్ళు కడిగాను. ఒక్క మాటా అనలేదు. నోరు రాలేదు. మనసులో కూడా అనలేదు పాదిరిగారూ, మనసు నిండా వాడి ఊపిరే ఉంది, ఇంకో మాటకి చోటెక్కడిది.

ఇంటికి నడుస్తుంటే పంటకాలవ గట్టు మీద కాళ్ళు ఆగిపోయాయి. సంతోషం అక్కడిదాకానే వచ్చింది. రెండేళ్ళ కిందట కోతల కాలంలో ఎమట్ తొలి కాన్పు. అదే నీలం. అదే తాడు, ఒక్కటే చుట్టు, రెండు కూడా కాదు. నా సొంత మనవడు. నేను తాడు విప్పి గిన్నె తీసుకుని వాడి తల మీద నీళ్ళు పోసి, ఆ మాటలు అన్నాను, తప్పు పోకూడదని, గోడ అవతల పెట్టకూడదని, ఒక్కొక్కటీ విడివిడిగా, నెమ్మదిగా. ఆ తర్వాత తుడిచాను, ఆ తర్వాత ఊదాను. ఒకసారి నోరు కదిపాడు. అంతే. రానల్ఫ్ పాదిరిగారు వచ్చి మాటలు చెప్పించుకుని విని, "సరిగ్గా చేశావు అవీస్, నీ మనవడు నేరుగా దేవుడి ఒడికి వెళ్ళాడు" అన్నారు. ఎమట్ నా చెయ్యి కళ్ళకద్దుకుంది. చర్చి ఆవరణలో, యూ చెట్టు పక్కన, చిన్న గుంట. రెండేళ్ళు ఆ మాట మీదే బతికాను. ఇప్పుడు ఈ పిల్లవాడు బతికి, నా వెనక రెండేళ్ళనీ తిరగేశాడు. ఎమట్ కొడుకే కాదు. వాడికి ముందు పొలిమేర బాటలో మిల్లువాడి కూతురు, వంతెన దగ్గర కవలల్లో చిన్నది, ఇంకా ఎవరెవరో. అందరూ బతికేవాళ్ళని కాదు. ఎవరు చెప్పగలరు. చాలామంది పోయేవాళ్ళే. కానీ ఒక్కడు? ఒక్కడైనా? ఆ గట్టు మీద కూలబడి, నీళ్ళలో నా మొహం చూసుకుని, ఈ నోరు దేనికోసం ఇచ్చావయ్యా, అని అడిగాను. మాటకోసమా, ఊపిరికోసమా. నీళ్ళ మీద ఆకాశం ఎంత పెద్దగా ఉందో, అంత పెద్దదాని కింద ఇంత చిన్న సంగతిని అడగడానికి భయమేసింది, అడగకుండా లేవడానికి ఇంకా భయమేసింది.

"మళ్ళీ ఏడుస్తున్నాడు" అంది ఎమట్, కళ్ళు తెరవకుండానే. విన్నాను, అన్నాను. నడుం సర్దుకుని కూర్చుంది. "నా వాడికి నీళ్ళూ పోశావు, ప్రార్థనలూ చేశాం, కొవ్వొత్తులు వెలిగించాం, పోయాడు. ఆ గొణుగుడు దానివాడేమో బండరాయిలా ఉన్నాడు." గొంతులో కోపం కూడా లేదు, అలసట. "అది నా ముందు పిల్లాణ్ణెత్తుకుని వెళ్తుంటే నేను దారి మారేదాన్ని తెలుసా. దేవుడు వాళ్ళ వైపు ఉంటే మన కొవ్వొత్తులెందుకు, మన వైపు ఉంటే వాడెందుకు నా దగ్గర లేడు." నీ కొడుక్కి అడ్డుపడింది దేవుడు కాదే, నా జాగ్రత్త, అని అనాలి. అనలేదు. నా చెయ్యి ఆమె భుజం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. "లోపలికెళ్ళి అవునని చెప్పేసి రా అమ్మా. పోదాం" అంది. అప్పుడే తలుపు పూర్తిగా తెరుచుకుంది, నా పేరు పిలిచారు.

లోపల కప్పు ఎత్తుగా ఉంది, రంగు అద్దాల్లోంచి పడిన వెలుగు నేల మీద నీలంగా, ఎర్రగా పరుచుకుని ఉంది. దాన్ని తొక్కాలంటే కాలు వెనకాడింది. బల్ల వెనక బిషప్‌గారి తరఫు న్యాయాధికారి, ముసలాయన, కళ్ళు మసకబారి ఉన్నాయి, మాట మాత్రం మెత్తన. ఆయన పక్కన రాయసం రాసే ఆయన. అప్పుడే పక్క తలుపులోంచి తెచ్చారు కాబోలు, గోడవార ఇద్దరు కాపలావాళ్ళ మధ్య తామసీన్. జుట్టు కత్తిరించారు. పిల్లవాణ్ణి గుడ్డలో చుట్టి గుండెకి హత్తుకుని ఉంది, నన్ను చూసి తల ఊపింది, పలకరింపుగా, మరేమీ కోరకుండా. ముందు నా ఊరు, పేరు, వయసు అడిగారు. నేను మా మాటలో చెబుతున్నాను, రాయసం ఆయన వింటూ లాటిన్‌లో రాసుకుంటున్నాడు. ఏ చప్పుడూ లేకుండా నా మాట ఆయన చెవిలో ఒకటిగా దూరి వేళ్ళలోంచి ఇంకొకటిగా బయటికొస్తోంది. వింతగా చూస్తూ ఉండిపోయాను. ఆ వరసల్లో ఎక్కడో నేనున్నాను, నన్ను నేనే గుర్తుపట్టలేను. అప్పుడు ఆయన ఒక లావుపాటి పుస్తకం నా వైపు జరిపి, ప్రమాణం చెయ్యమన్నాడు. ఇంతకాలం దూరంనుంచి చూసిందే తప్ప ఎప్పుడూ ముట్టలేదు. నా చేతులు కడుక్కుని వచ్చానా అని చూసుకున్నాను. "ఇందులో ఎలిజబెతమ్మ ఉందా అయ్యా?" అని అడిగాను. కలం ఆగింది. న్యాయాధికారి తల పైకెత్తాడు. రాయసం ఆయనే, నెమ్మదిగా, "ఉందమ్మా" అన్నాడు.

చెయ్యి పెట్టాను. తోలు చల్లగా ఉంది. ఈ అట్ట కింద, ఈ తోళ్ళ మధ్య, ఆ గడప ఉంది, ఆ ఇద్దరూ ఉన్నారు. నా అరచేయి వాళ్ళ మీద ఉంది. అబద్ధం అక్కడే చచ్చిపోయింది, నేను చంపలేదు. ఆ ఇద్దరి ముందు, కడుపులో బిడ్డ ఏం చేస్తుందో తెలిసినవాళ్ళ ముందు, పురిట్లో జరిగింది ఒకటైతే ఇంకోటి ఎలా చెబుతాను.

"ఈ బిడ్డకి నువ్వు జ్ఞానస్నానం ఇచ్చావా?" అన్నాడు ముసలాయన.

"లేదయ్యా."

"ఆ మాటలు నీకు వచ్చా?" చెప్పాను. విడివిడిగా, తప్పు లేకుండా. ఆయన తల ఊపాడు. "వచ్చినా ఎందుకు చెప్పలేదు?"

"ఊపిరి లేదయ్యా వాడికి. ఊదాను. నోరొక్కటే ఉంది నాకు. ఊదుతూ చెప్పలేం, చెబుతూ ఊదలేం."

"తల్లి నిన్ను ఆపిందా?" తామసీన్ కదిలింది, నోరు తెరవబోయింది. నేను ఆమె వైపు చూడలేదు. ఆమె చెయ్యి నా చేతి మీద పడింది అయ్యా, అన్నాను, నొప్పుల్లో ఉన్నవాళ్ళు ఏది దొరికితే అది పట్టుకుంటారు, ఎన్ని పురుళ్ళు పోశానో అన్నిసార్లు నా చేతులు కమిలాయి. కానీ ఊదింది నేను. ఊదాలనుకున్నది నేను. ఎవరూ నా తల వంచలేదు. "అంటే ఆత్మకంటే ఒళ్ళు ముఖ్యమనుకున్నావు" అన్నాడాయన, అడిగినట్టు కాదు, రాయించినట్టు. అలా అనుకోలేదయ్యా, అన్నాను, ఏమనుకున్నానో చెప్పడానికి మాటలు వెతుక్కున్నాను, దొరకలేదు, చివరికి దొరికింది అన్నాను. "ముందు ఊదితే బతికే బిడ్డలుంటారు. ముందు నీళ్ళు పోసి, నెమ్మదిగా మాటలు చెప్పి, తర్వాత ఊదితే పోయిన బిడ్డలున్నారు. నా చేతుల మీదే ఉన్నారు. నా ఇంట్లోనే ఉన్నాడు. ఇది కూడా రాయండయ్యా. మిగతా మంత్రసానులకి ఎవరైనా చెప్పాలి." రాయసం ఆయన న్యాయాధికారి వైపు చూశాడు. ఆయన చాలాసేపు తన చేతులు చూసుకుని, వేలితో సైగ చేశాడు. కలం గీసుకుంది. ఎంత రాశాడో, ఏం రాశాడో నాకు తెలీదు. కానీ ఆగి సిరా ముంచుకుని మళ్ళీ రాశాడు, అది చూశాను.

తీర్పు అక్కడే చెప్పేశారు. పిల్లవాడికి ఈ మధ్యాహ్నమే పెద్ద చర్చిలో తొట్టి దగ్గర జ్ఞానస్నానం. తామసీన్ తన మాటలన్నీ తప్పని ఒప్పుకుని, వట్టికాళ్ళతో కొవ్వొత్తి పట్టుకుని సంత చుట్టూ నాలుగు వారాలు నడవాలి. ఆమె ఒప్పుకుంది, పిల్లవాడి తల మీద గడ్డం ఆనించుకుని, ఒక్కొక్క మాటా వాళ్ళు అన్నట్టే అంది. ఏ మాట దగ్గరా తడబడలేదు, నాకు చూపించడానికన్నట్టు నావైపు ఒక్కసారి చూసింది. ఆమె లోపల ఉన్నదాన్ని ఆ మాటలు తాకనేలేదని నాకు తెలిసింది, ముసలాయనకీ తెలిసి ఉంటుంది. నేను మా ఊరి చర్చి చుట్టూ మూడు ఆదివారాలు నడవాలి. సెప్టెంబరులో పునీత మైకేల్ పండుగ దాకా ఏ పురిటి గదిలోనూ అడుగు పెట్టకూడదు, ఏ పురిటాలినీ ముట్టకూడదు. పెడితే మళ్ళీ ఇక్కడికే, ఈసారి నడకతో పోదు. వేలిముద్ర లాగ ఒక శిలువ గీయమన్నారు. గీశాను. మళ్ళీ పుస్తకం మీద ఒకసారి చెయ్యి పెట్టాలనిపించింది, కానీ దాన్ని అప్పటికే తీసేశారు.

తలుపు బయటే నిలబడి ఉంది ఎమట్. ఆ తలుపు మొదటినుంచీ తెరిచే ఉంది. అరుగు మీద కాదు, తలుపుకి ఆనుకుని. ఆమె మొహం చూసి, ఏమేం విందో అడగక్కర్లేదని తెలిసింది. ముంగిలి దాటాం, మేడ గుమ్మం దాటాం, ఏటి వైపు సందులో నడిచాం, చేపల బుట్టలు మోసేవాళ్ళు ఎదురొచ్చి పక్కకి తప్పుకున్నారు. ఆమె ఒక అడుగు ముందు, నేను ఒక అడుగు వెనక. గాలి ఏటిమీదినుంచి వస్తోంది, ఉప్పు వాసన, ఎండ కాస్త పడింది. వంతెన మధ్యలో ఆగింది.

"అమ్మా. నా వాడికి ముందు ఏది?"

నీళ్ళు, అన్నాను.

"ఎంతసేపు?"

"ఆ మాటలన్నీ చెప్పినంతసేపు. తప్పు పోకూడదని నెమ్మదిగా చెప్పాను."

ఏడవలేదు. రాతి పిట్టగోడ మీద రెండు చేతులూ పెట్టి కిందికి చూసింది. నీళ్ళు వంతెన కాళ్ళని ఒరుసుకుంటూ పోతున్నాయి. నేను పక్కన నిలబడలేదు, అక్కడ నిలబడే హక్కు ఉందో లేదో తెలియక నాలుగడుగుల దూరంలో ఆగిపోయాను. వెనకనుంచి ఆమె వీపు చూస్తున్నాను, పుట్టినప్పుడు నా అరచేతంత ఉన్న వీపు. క్షమించమని అడగాలంటే ఆ మాట సరిపోయేంత పెద్దది కాదు, ఊరుకుందామంటే ఊపిరాడలేదు. ఎంతసేపో అయ్యాక నడుం పట్టుకుని నిటారుగా లేచింది. మా బండి వంతెన అవతల కనిపిస్తోంది.

"ఈస్టర్ అయిన మూడు వారాలకి నాకు" అంది, నా వైపు తిరక్కుండా. "నువ్వు రావాలి."

"రావద్దన్నారు కదే నన్ను."

"వాళ్ళు వద్దన్నారు. నేను రమ్మంటున్నాను" అని, నా చెయ్యి పట్టుకోకుండానే, నేను అందుకోగలిగేంత నెమ్మదిగా నడవడం మొదలుపెట్టింది.